మూడు లోతులు

గడియారాన్ని అరవై నిమిషాలకు తిప్పి బల్ల మీద పెట్టింది బ్లేడమ్మ. తడి పెట్టెకు మూత వేసింది, వేసిన మూతను మళ్ళీ ఎత్తి చూసింది. లోపల పద్నాలుగు గాజు స్లైడులు పక్కపక్కనే పడుకుని ఉన్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో చుక్క మందు. ఆ మందు గంటసేపు నానాలి. నానితే, చంక గ్రంథి ముక్కలో క్యాన్సర్ కణం ఏ మూల నక్కి ఉన్నా దాన్ని పట్టుకుని వదలదు, ఆ తరువాత రంగు వేస్తే పట్టుబడ్డ కణం గోధుమరంగులో కనిపిస్తుంది, ఏమీ లేకపోతే ముక్కంతా నీలంగా ఉండిపోతుంది. ఎడమవైపు నుంచి ఏడోదీ ఎనిమిదోదీ ఆమె అక్కవి. ఆ సంగతి ఈ ప్రయోగశాలలో తనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలియదనే అనుకోవాలి. కానీ నిన్న మెత్తటి డాక్టరు అక్క ముక్క ఉన్న మైనపు దిమ్మను చేతిలోకి తీసుకుని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసిన దగ్గర్నుంచి ఆమెకు అలా అనుకోవడం చేతకావడం లేదు.

ఇరవై ఆరేళ్ళుగా ఆమె పని ఒకటే. ఆపరేషను గదిలోంచి వచ్చిన ముక్కను మైనంలో పోసి దిమ్మ కట్టాలి, దిమ్మను కోత యంత్రానికి బిగించి చక్రం తిప్పుతూ ఉల్లిపొరకన్నా పలచగా పొరలు తీయాలి, పొరను గోరువెచ్చని నీళ్ళ మీద తేల్చి స్లైడు మీదికి ఎత్తుకోవాలి. చూసి రోగం పేరు చెప్పేది డాక్టర్లు. కోసేది ఆమె. అందుకే బ్లేడమ్మ అన్న పేరు, ఎవరు మొదట పెట్టారో తెలియదు కానీ జీతం కాగితం మీద తప్ప అన్నిచోట్లా అదే. ఉప్పు డబ్బా మీద ఉప్పు అని రాసి ఉన్నా నాలుక మీద వేసుకుని చూసే రకం ఆమె. సీసా మీద చీటీని నమ్మదు, నీళ్ళ వేడి చూపే ముల్లును నమ్మదు, పక్కవాళ్ళు లెక్కపెట్టిన స్లైడులను మళ్ళీ లెక్కపెడుతుంది. ఆమె అనుమానం వల్లే రెండుసార్లు ఒకరి ముక్క ఇంకొకరి పేరు మీద పోకుండా ఆగింది. ఆ రెండుసార్లూ అందరూ ఆమెను మెచ్చుకున్నారు. మెచ్చుకున్నవాళ్ళను కూడా కొన్నాళ్ళపాటు ఆమె అనుమానంగానే చూసింది.

ఇంతకీ మెత్తటి డాక్టరు ఏమన్నాడు? "ఇది బాగా మందంగా ఉందే" అన్నాడు. అంతే. అని నవ్వాడా? నవ్వినట్టే ఉంది. ఆయన ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు, గొంతు పెంచడు, తలుపు కూడా చప్పుడు కాకుండా వేస్తాడు, అందుకే మెత్తటి డాక్టరు అయ్యాడు, మెత్తగా మాట్లాడేవాళ్ళను చూస్తే ఆమెకు మొదట్నుంచీ గుబులు. గట్టిగా అరిచేవాడి కోపం ఎంతో తెలుస్తుంది, వీళ్ళది తెలియదు. మూడు నెలల కిందట పరిశోధన అంటూ వచ్చాడు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషను అయి, చంకలో గ్రంథులు శుభ్రంగా ఉన్నాయని రిపోర్టు పొందిన ఆడవాళ్ళ పాత దిమ్మలన్నీ బయటికి తీయించాడు. వాటిని ఇంకా లోపలికి కోస్తే, అప్పట్లో కంటికి చిక్కని చిన్న గుంపులు ఎక్కడైనా దాక్కుని ఉన్నాయా, ఉంటే ఆ మనిషి ఇప్పుడెలా ఉంది, లేకపోతే ఎలా ఉంది, దాక్కున్నవాటి వల్ల నిజంగా ముప్పు ఉందా లేదా, అదీ ఆయన తేల్చాలనుకున్న లెక్క. పేర్లు ఉండవు, నంబర్లే. బయటపడ్డది ఎవరి ఫైల్లోకీ వెళ్ళదు, ఎవరికీ చెప్పకూడదు, మొదటి రోజే అందరిచేతా సంతకం పెట్టించాడు. ఆమె కూడా పెట్టింది. అలమారలోంచి దిమ్మల అరలు దింపుతూ, తన చేత్తో పెన్సిల్ పెట్టి రాసిన అక్క నంబరు కనబడగానే స్టూలు మీద కూలబడింది. మంచినీళ్ళు తాగి లేచి, వరసలో వచ్చిన చోటే దాన్నీ పెట్టింది. ఒక్కటి తగ్గినా ఆయన లెక్కపెడతాడని భయం, పెట్టినందుకు ఇంకో భయం.

ఇంకా యాభై మూడు నిమిషాలు. మందంగా ఉంది అంటే ఏమిటో ఈ పని తెలిసినవాడెవడికైనా తెలుస్తుంది. దిమ్మను ఒక లోతులో కోసి, బాగా దించి రెండో లోతులో కోసి, మళ్ళీ దించి మూడో లోతులో కోస్తే, మధ్యలో తీసేసిన తురుమంతా చెత్తబుట్టలోకి పోతుంది, మిగిలే ముక్క పలచబడుతుంది. ఆ దిమ్మ తాలూకు పాత కాగితం మీద మూడు లోతులు అని ఉంది. దిమ్మ మాత్రం నిన్న ఒక్క లోతు కూడా పూర్తిగా దిగనట్టు నిండుగా ఉండింది. కాగితాన్నీ దిమ్మనూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఆయన చూశాడా? కాగితాలు ఆయన బల్ల మీదే ఉన్నాయి. ఈరోజు పొద్దున కాఫీ తాగుతావా అని అడిగాడు. మూడు నెలల్లో ఎప్పుడూ అడగనివాడు ఇవాళే ఎందుకు అడిగాడు? "ఆ వరస స్లైడులు మాత్రం మనిద్దరం కలిసి చూద్దాం మేడమ్" అని కూడా అన్నాడు. కలిసి ఎందుకు? మిగతావన్నీ ఒక్కడే చూసుకున్నాడుగా. చూస్తున్నప్పుడు తన మొహం చూడాలనుకుంటున్నాడా అని ఆమె మనసు పీకడం మొదలైంది, అది మొదలైందంటే ఓ పట్టాన ఆగదు.

తొమ్మిదేళ్ళ కిందట అక్కకు గడ్డ చిన్నదే. తీసేశారు. చంకలో గ్రంథి శుభ్రంగా ఉంటే మాత్రలతో సరిపోతుంది, క్యాన్సర్ కణం ఉంటే మాత్రం గట్టి మందు ఎక్కించాలి అన్నాడు ఆపరేషను చేసిన డాక్టరు, చీటీ మీద మూడు లోతుల్లో కోసి చూడమని రాసి పంపాడు. ఇంటివాళ్ళ ముక్క మనం కోయకూడదు, అది రాసిపెట్టిన నియమం కాదు కానీ అందరికీ తెలిసిన నియమం. ఆమె కోసింది. వేరే చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. పక్కబల్లమీది ఆవిడ కోతలో మడతలు వస్తాయి, ఇంకొకాయన బ్లేడు మార్చడు, అక్క గ్రంథిని వాళ్ళకు ఎలా ఇస్తాను అనుకుంది. మొదటి లోతు కోసింది, ఒక్క మడత లేకుండా వచ్చింది, రంగు వేసి ఎవరూ లేనప్పుడు మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది కూడా. డాక్టరు కాకపోయినా అన్నేళ్ళుగా చూసిన కళ్ళు. శుభ్రంగా ఉంది. అప్పుడు దిమ్మను మళ్ళీ బిగించి చక్రం మీద చెయ్యి వేసింది. చెయ్యి ఆడలేదు. అంతకు ముందు కానీ ఆ తరువాత కానీ ఆ చెయ్యి అలా మొరాయించడం ఆమె ఎరగదు. ఇప్పటిదాకా బాగుంది, లోపలికి వెళితే ఏముంటుందో, వెళ్ళకపోతే ఏమీ ఉండదు. ఇరవై ఏళ్ళ పిల్ల కూడా అలా ఆలోచించదు, ఆమె ఆలోచించింది, నలభై అయిదేళ్ళ మనిషి, పది ఊళ్ళ అనుమానం ఒంట్లో పెట్టుకున్న మనిషి. అదే లోతులోంచి ఇంకో రెండు పొరలు తీసి, ఒకదాని మీద రెండు అనీ ఇంకోదాని మీద మూడు అనీ రాసింది. రాస్తున్నప్పుడు అక్షరం కూడా వణకలేదు. అదే ఆమెకు ఇప్పటికీ అసహ్యం.

అప్పటి పెద్ద డాక్టరు, ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉన్నాడు, ఆ మూడు స్లైడులూ చూసి గ్రంథి శుభ్రం అని సంతకం పెట్టాడు. సంతకం పెట్టి ట్రే వెనక్కి ఇస్తూ, "చెయ్యి తిరిగిన పని. మూడూ ఒక్కలాగే వచ్చాయి" అన్నాడు. ఆ మాటను ఆమె తొమ్మిదేళ్ళుగా నమిలి నమిలి పిప్పి చేసింది. మూడు లోతుల్లో కోసినప్పుడు గ్రంథి అంచు మూడు రకాలుగా ఉండాలి. మూడూ ఒక్కలాగే ఉంటే అది మెప్పు ఎలా అవుతుంది? ఆయనకు తెలిసే అన్నాడా, తెలిసి ఊరుకున్నాడా, ఆయన ఊరుకున్నది తన మొహం చూసి జాలిపడా, లేక పని ఎక్కువై చూడకుండానే నోటికొచ్చింది అన్నాడా? రిటైరయ్యే రోజున అందరితో కరచాలనం చేసి, తన చెయ్యి మాత్రం ఒక్క క్షణం ఎక్కువ పట్టుకున్నాడు. పట్టుకున్నాడా, తానే వదల్లేదా? ఇదీ ఇప్పుడు సరిగ్గా గుర్తు లేదు. గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ ఆయన మొహం ఇంకాస్త తెలిసినట్టుగా మారుతోంది.

ముప్పై తొమ్మిది. పక్కగదిలో కుర్చీ జరిగిన చప్పుడు. లేచాడా? వస్తున్నాడా? రాలేదు. ఫోను మోగింది. అక్క.

"ఏం చేస్తున్నావే చిట్టీ?"

"పనిలో ఉన్నాను. నడుం ఎలా ఉంది?"

"ఉంది. ఎక్కడికీ పోలేదు, నన్ను అంటిపెట్టుకునే ఉంది."

"స్కాన్ తీయించుకోమన్నాను కదా."

"ఎందుకే? మొన్న వెళితే డాక్టరు ఫైలంతా తిరగేశాడు. గ్రంథులు శుభ్రంగా ఉన్నాయమ్మా, తొమ్మిదేళ్ళు దాటింది, కుట్టు మిషను ముందు వంగి కూర్చోవడం తగ్గించండి, అన్నాడు. పూత మందు రాసిచ్చాడు. నేనన్నాను, ఆ గ్రంథిని కోసింది మా చెల్లెలేనండీ అని. అయితే ఇంకేం భయం అన్నాడు."

"పొరపాట్లు జరగవా అక్కా?"

"అందరికీ జరుగుతాయి. నువ్వు పొరపాటు పడవుగా. పప్పులో రాయి ఉందేమోనని గింజగింజా చూసి నా ఆకలి చంపేసేదానివి. సరే గానీ, ఆ నీలం కర్టెన్ల పని ఇవాళ అయిపోతుంది, సాయంత్రం వస్తావా?"

వస్తానంది. పెట్టేసింది. రెండు నెలలుగా నడుం నొప్పి. అక్క కర్టెన్లు కుడుతుంది, ఇరవై ఏళ్ళుగా కుడుతూనే ఉంది, ఇన్నేళ్ళూ రాని నొప్పి ఇప్పుడెందుకు వచ్చింది? వయసంటాడు బావ. మిషనంటాడు డాక్టరు. అందరూ ఆ శుభ్రమైన రిపోర్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు, ఆ రిపోర్టు తన చేతి మీద కూర్చుంది. ఎముకలోకి దిగి ఉంటే? దిగకపోయి ఉంటే? తెలియాలంటే స్కాన్ కావాలి, స్కాన్ తీయాలంటే ఎవరికైనా అనుమానం రావాలి, అనుమానం రావాలంటే ఆ రిపోర్టు తప్పని ఎవరో చెప్పాలి. ఇంతమందిని అనుమానించడం తనకు చేతనవును, ఒక్కళ్ళచేత తనను అనుమానించేలా చేయడం మాత్రం చేతకాదు. ఊరికే భయంగా ఉందక్కా, తీయించుకో, అని నాలుగుసార్లు చెప్పింది. నాలుగుసార్లూ అక్క నవ్వి, ఆ రిపోర్టునే చూపించింది.

ఇరవై ఎనిమిది. తడి పెట్టెలో స్లైడులు పన్నెండు ఉండాలి. పద్నాలుగు ఉన్నాయి. చివరి రెండింటి మీద నంబరు లేదు. నిన్న ఆయన చూసి వెళ్ళాక అక్క దిమ్మను లోపలికి దించేముందు, తొమ్మిదేళ్ళ కిందటి ఆ పై లోతు నుంచే ఇంకో రెండు పొరలు తీసి పక్కన పెట్టింది. రంగు సరిగ్గా పడుతోందో లేదో చూసుకోవడానికి అని తనకు తాను చెప్పుకుంది. రంగు పరీక్షకు వేరే స్లైడులు ఉన్నాయి, డబ్బా నిండా ఉన్నాయి. మరి ఈ రెండూ ఎందుకు? ఏడూ ఎనిమిదీ గోధుమరంగు తేలితే, వాటిని గాజుపెంకుల డబ్బాలో పడేసి, శుభ్రమైన ఈ రెండింటి మీద ఆ నంబరు వేయడానికి కాదూ? చక్రం మీద మొరాయించిన చెయ్యి, ఇలాంటి పనులకు మాత్రం చక్కగా ఆడుతుంది. తన చేతుల వంక చూసుకుంది. చేతిగ్లవ్సు లోపల వేళ్ళు చెమటకు నానిపోయి ఉన్నాయి. ఈ చేతులు తనకు చెప్పకుండా ఇంకా ఏమేం చేసి ఉంటాయి అన్న ఆలోచన వచ్చింది.

పోనీ అక్కకే తెలుసేమో. ఆ రోజు సాయంత్రం, శుభ్రంగా ఉందక్కా, నేనే కోశాను, అని చెప్పినప్పుడు అక్క ఏమంది? మంచం మీద ఒక పక్కకు తిరిగి పడుకుని, ఆపరేషను వైపు చేతిని దిండు మీద పెట్టుకుని, "నువ్వు చెబితే చాలే" అంది. చాలు అంటే? ఇంకెవరూ చెప్పనక్కర్లేదనా, ఇంకేమీ అడగననా? గట్టి మందంటే అక్కకు హడల్. పక్క వార్డులో దాన్ని ఎక్కించుకుంటున్నవాళ్ళను చూసి వచ్చి అన్నం ముట్టలేదు. చెల్లెలి మొహంలో ఏదో చూసి, చూడనట్టు ఊరుకుందా? ఛీ. అక్కను కూడా ఇందులోకి లాగుతున్నాను అనుకుంది. తప్పు ఒక్కతే మొయ్యలేక దానికి తోడు వెతుక్కుంటున్నాను, రిటైరైన పెద్ద డాక్టరుని, అక్కను, రేపు ఇంకెవరినో.

ఒకవేళ ఆ రోజు లోపలికి కోసి ఉంటే? ఏమీ లేకపోయి ఉండొచ్చు. ఉంటే మందు ఎక్కించేవాళ్ళు, జుట్టు పోయేది, ఒళ్ళు గుల్లయ్యేది, అయినా ఇదే తొమ్మిదేళ్ళు బతికేదేమో, ఇదే నడుం నొప్పి వచ్చేదేమో, కర్టెన్లూ ఇవే కుట్టేదేమో. అలా అనుకుంటే కాస్త ఊపిరి ఆడుతుంది. ఊపిరి ఆడేసరికి దాని మీదా అనుమానం వస్తుంది. తనకు హాయినిచ్చే మాట ఏదైనా సరే, అది తన పక్షాన సాక్ష్యం చెప్పడానికి తానే పిలిపించుకున్నదే కదా. నిజం ఎటుందో తెలియనప్పుడు కోయడమే పని. అందుకే జీతం ఇస్తారు. అందుకే అక్క నమ్మింది.

గడియారం మోగింది. ఆమె ఉలిక్కిపడలేదు. చుక్కలు కడిగింది, రెండో మందు వేసింది, కడిగింది, రంగు వేసింది, నీలం అద్దింది, ఆరబెట్టి పైన పలచటి గాజు అతికించింది. ఇదంతా చేతులే చేశాయి, మనసును దగ్గరికి రానివ్వలేదు. మెత్తటి డాక్టరు ఇంకా తన గదిలోనే ఉన్నాడు. కలిసి చూద్దాం అన్నాడు కాబట్టి పిలవాలి. పిలవలేదు. ఏడోది మైక్రోస్కోపు కింద పెట్టి కన్ను ఆనించింది. నీలం. అంచు వెంబడి నీలం, మధ్యలో నీలం, ఇంకొంచెం జరిపితే అక్కడా నీలమే, గుండె కుదుటపడబోతుండగా ఆ స్లైడు తీసి ఎనిమిదోది పెట్టింది. ఇంకా లోపలి లోతు అది. అంచు కిందగా, ఎవరో వేలి కొసతో అద్ది తీసినట్టు, నాలుగైదు పదుల కణాలు ఒకదాన్నొకటి ఆనుకుని గోధుమరంగులో ఉన్నాయి.

ఎంతసేపు చూసిందో తెలియదు. ఏడవలేదు. చాలా ఏళ్ళుగా ఎదురుచూసినవాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, కూర్చోమనడానికి మాట రావడం లేదు, అంతే. నంబరు లేని రెండు స్లైడులూ చేతి దగ్గరే ఉన్నాయి, పెన్సిలూ ఉంది. రెండింటినీ తీసింది. గాజుపెంకుల డబ్బాలోకి వదిలేసింది. అవి అడుగున పడి పగిలిన చప్పుడు విని పక్కగదిలోంచి ఆయన లేచి వచ్చాడు.

"ఏమైంది మేడమ్?"

"ఏం లేదు, అక్కర్లేనివి. ఎనిమిది చూడండి."

ఆయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు, కొలత తీశాడు, కాగితం మీద రాసుకున్నాడు. "దొరికింది" అన్నాడు, మామూలుగానే. "చిన్నది. మన అదృష్టం, దిమ్మ మందంగా ఉంది కాబట్టి దొరికింది, పలచబడి ఉంటే ఇది తురుములో పోయేది. నిన్న చూడగానే అనుకున్నాను, ఇందులో మనకు పని ఉందని. అందుకే కలిసి చూద్దామన్నాను, మీ కోత చూపించి నేర్చుకుందామని."

మందం గురించి ఆయన అనుకున్నది అంతే. కాఫీ కాఫీయే. ఆమెకు నవ్వాలనిపించింది.

"ఇలా దాక్కున్నవి ఉంటే, ప్రమాదమేనా సార్?"

"ఇప్పటిదాకా మనం చూసినవాటిలో పెద్ద తేడా కనబడట్లేదు మేడమ్. ఉన్నవాళ్ళకి కాస్త ఎక్కువ, అంతే, చాలా కాస్త. వందమంది గురించైతే చెప్పగలను. ఒక్క మనిషిని చూపించి ఈమె సంగతేంటి అంటే చెప్పలేను."

"ఆ ఒక్క మనిషి మా అక్క."

ఆయన కలం ఆగింది.

"రెండు నెలలుగా నడుం నొప్పి. గ్రంథి శుభ్రంగా ఉందని ఎవరూ పట్టించుకోవట్లేదు."

"మేడమ్, నాకు అర్థమవుతోంది. కానీ ఇది చెప్పకూడదు, మీకూ తెలుసు. పరిశోధనలో తేలినది ఫైల్లోకి వెళ్ళదు. ఆవిడ పాత రిపోర్టు ఆ రోజు లెక్క ప్రకారం సరైనదే."

"సరైనది కాదు సార్. ఆ రోజు మూడు లోతులు కోయలేదు. ఒక్క లోతే కోసి, మూడు అని రాశాను. భయపడ్డాను. దిమ్మ మందంగా ఉన్నది అందుకే."

ఆయన మొహంలో నవ్వు ఎటో పోయింది, అది లేకపోతే ఆయన చాలా పెద్దవాడిలా ఉన్నాడు. పాత కాగితం వెతికి తీసి చూశాడు, దిమ్మను తెచ్చి చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. "అయితే ఇది పరిశోధన సంగతి కాదు" అన్నాడు చివరికి. "రిపోర్టే తప్పు. దాన్ని సరిదిద్ది పంపాలి, ఇవాళే పంపుతాను. రేపు పొద్దున్నే స్కాన్‌కి తీసుకురండి. కారణం ఏమిటని అడిగితే నేను చెప్పనా, మీరు చెబుతారా?"

"నేనే చెబుతాను. సాయంత్రం వస్తానన్నాను."

ఆయన తలూపాడు. సరే అయిపోయిందనుకుని ఆమె లేవబోయింది. ఆయన మాత్రం కదల్లేదు, బల్ల మీద మూడు నెలల పని, మూడువందల దిమ్మల జాబితా, దాని వంక చూస్తూ ఉండిపోయాడు. తరువాత ఎప్పటిలాగే మెత్తగా అడిగాడు.

"ఇదొక్కటేనా మేడమ్?"

"ఒక్కటే సార్."

ఆయన నమ్మలేదు. నమ్మాలని ఉంది, ఆ కళ్ళలో అది కూడా కనబడుతోంది, కానీ నమ్మలేదు. ఆయన చోట తానుంటే తానూ నమ్మేది కాదు. ఇరవై ఆరేళ్ళలో కోసినవన్నీ, మడత లేకుండా వచ్చినవన్నీ, ఈ క్షణం నుంచి అనుమానంలోకి వెళ్ళిపోయాయి, అవి ఎవరెవరివో, ఎంతమంది ఇళ్ళలో ఆ రిపోర్టుల మీద నిశ్చింతగా ఉన్నారో. ఒక్కటే అని ఇంకోసారి చెప్పబోయి మానుకుంది. ఎవరైనా తనకు ఆ మాట రెండుసార్లు చెబితే, తాను చేసే మొదటి పని ఏమిటో ఆమెకు తెలుసు. కుర్చీ దగ్గరికి లాక్కుని, జాబితాను తనవైపు తిప్పుకుని, తాను కోసిన దిమ్మల నంబర్ల పక్కన ఒక్కొక్కటిగా గుర్తు పెట్టడం మొదలుపెట్టింది.